మంద పడని గడి

ధర్మవరంలో పుట్టిన పిల్లకు పట్టుపోగు సంగతి తెలుస్తుంది గానీ గొర్రె సంగతి ఏం తెలుస్తుంది? నాకూ తెలియదు. మా నాయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే, పక్కన చేరి తెగిన పోగులు అతుకుతూ పెరిగినదాన్ని. డెబ్బైల చివర్లో డిగ్రీ చేతికొచ్చింది. పల్లెల్లో పనిచేసే ఒక సంస్థలో ఉద్యోగం దొరికింది. ఇంట్లో అందరూ సంబరపడ్డారు. తీరా చేరాక నాకు అప్పగించిన పని గొర్రెలు. కుందుర్పి వైపు ఒక ఊళ్ళో, ఊరికి ఎడంగా ఉన్న కాలనీలో, సెంటు నేల కూడా లేని పన్నెండు కుటుంబాలున్నాయి. వాళ్ళకు తలా నాలుగు గొర్రెలు, అందరికీ కలిపి రెండు పొట్టేళ్ళు ఇప్పించాలి. అవి బతికి, పిల్లలు పెట్టి, ఆ ఇళ్ళకు నాలుగు వేళ్ళు నోట్లోకి పోయే దారి కావాలి.

"గొర్రెలు కాసేదానికి డిగ్రీ ఎందుకమ్మీ?" అని మా నాయన నవ్వాడు. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. ఆ కోపంతోనే పెట్టె సర్దుకుని బస్సెక్కాను.

గొర్రెలు కొనడానికి సంతకు పోయినరోజే నా చదువు సంగతి బయటపడింది. నేను తెల్లగా, లావుగా, ముఖం కళగా ఉన్న గొర్రెనొకదాన్ని ఎంచి, ఇదీ గొర్రె అంటే అన్నట్టు దానిమీద చెయ్యి వేసి నిలబడ్డాను. కాలనీ ఆడవాళ్ళలో ఒకామె ముందుకొచ్చి, ఆ గొర్రె మూతి పట్టుకుని పెదవి ఎత్తి చూసింది. నలభై ఐదేళ్ళ మనిషి. ఎండకు కాలిన ముఖం, కొంగు ఎప్పుడూ నడుముకు బిగించి ఉండేది. ఆ పన్నెండిళ్ళకూ ఆమె మాటే మాట.

"మేడమ్మా, దీనికి పండ్లన్నీ అరిగిపోయినాయి. ఇది మీ అవ్వకంటే ముసల్ది" అంది.

సంతలో సగం మంది నవ్వారు. నేను చెయ్యి తీసేసి పక్కకు జరిగాను. ఆపైన నలభై ఎనిమిది గొర్రెల్నీ ఆమే ఎంచింది. నోరు తెరిచి చూసేది, నడుము నొక్కి చూసేది, పొదుగు తడిమి చూసేది. సాయంత్రానికి నేను ఆమెను పెద్దక్కా అని పిలవడం మొదలుపెట్టాను. ఇక్కడా అలాగే రాస్తాను.

మా పెద్దసారు మంచివాడే, కాకపోతే కాగితం మనిషి. కాగితం మీద ఒక నియమం రాసి పంపాడు. ఎవరి గొర్రెలు వాళ్ళింటి ముందే కట్టేయాలి, మేత కోసుకొచ్చి వెయ్యాలి, తనిఖీకి వచ్చినప్పుడు ప్రతి ఇంటి గుంజకూ నాలుగు గొర్రెలు కనబడాలి. నేను కొత్త ఉద్యోగిని. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, ఆ పూజారిని నేనే. ఇంటింటికీ తిరిగి ముడులు కూడా లాగి చూసేదాన్ని.

మేత కోసుకురమ్మనడం సులువే. కోయడానికి ఎక్కడుంది? ఆ మెట్టనేలలో మాఘమాసం దాటితే గుట్టల మీద ఎండిన పోచలు తప్ప ఏమీ మిగలదు. ఆ పోచలు ఏరుకురావాలంటే ఆడమనిషి ఒక పూట కూలి వదులుకోవాలి. కూలికి పోతే గొర్రెలు పస్తు, గొర్రెల్ని చూసుకుంటే పిల్లలు పస్తు. రెండు నెలల్లో మూడు గొర్రెలు తాడు పొడుగు దాటకుండానే చచ్చిపోయాయి.

ఒకరోజు పెద్దక్క గొర్రెల్లో ఒకటి తాడు కొరుక్కుని రోడ్డు దాటి పోయింది. చెవిమీద మచ్చున్న గొర్రె అది. రోడ్డవతల చేను ఊళ్ళో అందరికంటే పెద్ద రైతుది. ఊళ్ళో బావులన్నీ ఎండినా ఆయన బావిలో నీళ్ళుండేవి. అందుకే ఆయన్ని బావి రైతు అనేవారు. గొర్రె ఆయన వామిలోంచి రెండు నోళ్ళు చెనిక్కాయ కట్టె, అంటే ఎండిన వేరుశనగ తీగ, లాగిందో లేదో, ఆయన మనిషి దాన్ని తోలుకుపోయి బందెలదొడ్డిలో పెట్టించాడు. పెద్దక్క పొద్దున్నుంచి పొద్దు వాలేదాకా ఆ దొడ్డి తలుపు దగ్గర నిలబడింది. పక్కన నేనూ ఉన్నాను. చివరికి ఆయన వచ్చాడు.

"నాలుగు గొర్రెలు వస్తానే రైతులైపోతిరేమే?" అన్నాడు.

"తప్పయిపాయ సామీ" అంది పెద్దక్క తల వంచుకుని.

 ఇంట్లో మా నాయన మీద, ఆఫీసులో గుమస్తా మీద లేచే నా నోరు అక్కడ పెగల్లేదు. ఇన్నేళ్ళయినా ఆ సాయంత్రం గుర్తొస్తే నామీద నాకే మండుతుంది.

ఆ తర్వాత పదిహేను రోజులకు తనిఖీకి వెళ్ళాను. మొదటి ఇంటి ముందు గుంజ ఖాళీ. రెండో ఇంటి ముందూ ఖాళీయే. పన్నెండిళ్ళూ చూశాను, గొర్రె అన్న మాట లేదు. అమ్ముకున్నారనుకున్నాను. వీధి మధ్యలో నిలబడి గొంతు చించుకున్నాను. నమ్మి తెచ్చిస్తే నా కొంప ముంచారన్నాను, ఇంకా ఏమేమో అన్నాను. గడపలో కూర్చున్న ఒక అవ్వ అంతా విని, నేను ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు గుట్టవైపు చెయ్యి చూపించింది.

"ఆడుండాయి. పోయి ఆడ అరుచుకో" అంది.

ఎండలో గుట్టెక్కాను. రాళ్ళ మధ్య నలభై ఐదు గొర్రెలూ, రెండు పొట్టేళ్ళూ ఒకే మందగా మేస్తున్నాయి. పెద్దక్క ఒక పక్క, ఇంకో ఆడమనిషి ఇంకో పక్క కర్రలు పట్టుకుని నిలబడ్డారు. మిగిలిన పదిమందీ కూలికి పోయారట.

"ఇది నియమం కాదు పెద్దక్కా" అన్నాను, ఇంకా రొప్పుతూనే.

"నియమం చచ్చిన మూడు గొర్రెలకు చెప్పు" అంది ఆమె. తర్వాత మెత్తగా, నన్ను మొదటిసారి పాపా అని పిలిచి చెప్పింది. "నాలుగు గొర్రెల ఎనకాల ఒక మనిషి కూలి పోతాది. పన్నెండిండ్లకు పన్నెండు మంది కూలి. కలిపితే ఇద్దరు చాలు. దినమూ ఇద్దరం మారతాండాం. ఇంగొకటి చెప్తా విను పాపా. నాలుగు గొర్రెలుంటే తరుముతారు. మంద ఉంటే పిలుస్తారు."

ఆ చివరి మాట నాకు అర్థం కాలేదు. ఆమే విడమర్చి చెప్పింది. మా సీమలో విత్తనానికి ముందు, ఎండాకాలంలో, రైతులు గొర్రెల మందను చేలో నిలిపించుకుంటారు. చేలో ఒక పక్క గుంజలు పాతి, చుట్టూ వల కట్టి, ఆ గడిలో మందను తెల్లారేదాకా ఉంచుతారు. మర్నాడు పక్క గడికి జరుపుతారు. గొర్రెల పెంటా మూత్రమూ నేలకు పడతాయి. దానికి బదులుగా రైతు మందవాళ్ళకు గింజలిస్తాడు, ఆ చేలో మేత కూడా వాళ్ళదే. ఏటా పెద్ద మందలవాళ్ళు వచ్చి చేసే పని అది. ఆ ఏడు కరువుకు వాళ్ళంతా గడ్డి వెతుక్కుంటూ పడమటికి, కాలువ నేలలకు పోయారు. తిరిగి రాలేదు. ఊళ్ళో చేలన్నీ ఎరువు లేక ఎదురుచూస్తున్నాయి.

నేను ఒక రాతిమీద కూలబడ్డాను. ఒంటి పోగు ముట్టుకుంటే తెగుతుందని, పడుగులో చేరాక ఎంత లాగినా ఓర్చుకుంటుందని మా నాయన రోజూ చెప్పేవాడు. ఆ మాట వింటూ పెరిగినదాన్ని, నాలుగు గొర్రెల్ని గుంజకు కట్టి ముడులు లాగి చూస్తున్నాను. సిగ్గేసింది. ఆ సిగ్గులోంచే పంతం పుట్టింది.

పెద్దసారు దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన బల్లమీద గుద్ది, నన్ను ఆఫీసులో అందరి ముందూ కడిగేశాడు. చివరికి, "చెనిక్కాయ పీకే కాలానికి నేనే వస్తాను. ఈ మంద వల్ల మేలుందని నా కళ్ళకు కనబడాలి. కనబడకపోతే గొర్రెలన్నిట్నీ వేరే ఊరికి తోలిస్తాను" అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను కాలనీకి పరిగెత్తాను. పన్నెండిళ్ళ గొర్రెలు ఉంటాయా పోతాయా అన్నది ఒక్క పంట మీద ఆధారపడింది.

ముందు ఎవరో ఒకరు మందను చేలోకి రానివ్వాలి కదా. ధైర్యం చేసి బావి రైతునే అడిగాం. ఆయన అరుగు దిగకుండానే నవ్వాడు. "నలభై గొర్రెల పెంట నా చేనికి యా మూలకమ్మా? అంగట్లోంచి మూటలెరువు తెప్పించినాను, పోండి" అన్నాడు. ఇంకా ముగ్గురు అలాగే పొమ్మన్నారు. ఆఖరికి గుట్ట కింద, రోడ్డు పక్కనే ముప్పావెకరం నేలున్న ఒక పేదరైతు ఒప్పుకున్నాడు. ఎరువు మూట కొనే తాహతు లేదు గనక ఒప్పుకున్నాడు. రోజుకొక పడి జొన్నలు ఇస్తానన్నాడు.

ఇక నా ప్రతాపం చూడాలి. ఆ చేనును కాగితం మీద గీసి, నిలువు ఐదు, అడ్డం ఐదు, ఇరవై ఐదు గడులు చేశాను. గళ్ళచీర డిజైను గీసినట్టే గీశాను. అంచు నుంచి చుట్టుకుంటూ నడిమికి వచ్చేలా, ఏ రోజు ఏ గడిలో మంద నిలవాలో అంకెలు వేశాను. ఆడవాళ్ళు పగలు మేపుతారు, పొద్దు వాలే వేళకు గడిలోకి తోలుతారు, కాపలా వాళ్ళ మగవాళ్ళది. పొద్దున్నే నేను వెళ్ళి, కాగితం చూసి, "ఇదిగో ఈ గడి" అని చూపించేదాన్ని. వాళ్ళు గుంజలు పీకి అక్కడ పాతేవారు. రోజూ పడి జొన్నలొచ్చేవి. పన్నెండిళ్ళూ వంతులవారీగా తీసుకునేవారు. గొర్రెల డొక్కలు నిండాయి. ఎండాకాలం సగానికి గొర్రెలు ఈనడం మొదలుపెట్టాయి. చెవిమీద మచ్చున్న గొర్రె కవలల్ని పెట్టింది.

మధ్యలో మా నాయనకు జ్వరమని కబురొస్తే నాలుగురోజులు ధర్మవరం వెళ్ళాను. తిరిగొచ్చి నేరుగా చేలోకే పోయాను. కాగితం తీసి, మంద నిలవాల్సిన గడి చూపించాను.

"అది కాదు పాపా" అంది పెద్దక్క. "దాని యివతలది మిగిలిపోయుండాది. నిన్న వాన మోడం చూసి అంచుకు తోలినాం. ఇది ఇంగా కాలేదు."

"నా దగ్గర కాగితముంది. నాలుగురోజులంటే నాలుగు గడులు. ఇది అయిపోయింది" అన్నాను.

"గొర్రెలు కాగితం చూడలేదు కదా" అంది ఆమె.

నేను వినలేదు. ఉలిపికట్టెకు ఊరి దారి పట్టదు. కిందికి వంగి నేల చూసినా పెంటికలు ఉన్నదీ లేనిదీ తెలిసేది, నేను వంగలేదు. ఎంతైనా మేడమ్‌ను కదా అని వాళ్ళూ ఊరుకున్నారు. రెండు రోజుల్లో మిగిలిన గడులు ముగించి మందను గుట్టకు తోలుకుపోయారు. మూడోరోజు వాన పడింది. పేదరైతు అరక కట్టి చెనిక్కాయ విత్తేశాడు. ఇక వెనక్కి పోయేది లేదు.

ఆ ఏడు వానలు అంతంతమాత్రం. విత్తిన నలభై రోజులకు నేను గుట్టమీదికి పోతూ కిందికి చూశాను. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. పేదరైతు చేను పచ్చగా, నేల కనబడకుండా అల్లుకుని ఉంది. ఆ పచ్చదనం నడిమధ్య నలుపలకలుగా పసుపుపచ్చటి గడి ఒకటి. మొక్కలు జానెడు కూడా లేవు. కొత్త చీర మధ్యలో అతుకేసినట్టుంది. మంద పడని గడి అది. అది నేను తప్పించిన గడి.

పేదరైతు తల పట్టుకున్నాడు. "ఏమమ్మా, నట్టనడుమ ఈ శని ఏంది? సదువుకున్నదానివి, ఇరవై అయిదు లెక్కబెట్టనీక రాలేదా?" అన్నాడు. ఆయన అన్న ప్రతి మాటా న్యాయమే. నేను కాలనీకి పోయి పెద్దక్క ముందు కూర్చుని ఏడ్చాను. పెద్దసారు వచ్చి మొదట చూసేది ఆ గడినే అన్నాను. ఆమె గొర్రెపిల్లకు పాలు పట్టిస్తూ, "ఏడ్చి గెలుస్తావా ఏమి? చూడనీలే" అంది.  దెప్పిపొడిచినా బాగుండేదనిపించింది.

తర్వాత జరిగినది నేను అనుకున్నది కాదు. రోడ్డుమీద పోయేవాళ్ళు ఆ చేను దగ్గర బండ్లు ఆపడం మొదలుపెట్టారు. చేను పచ్చగా ఉంటే ఎవడూ ఆగడు, వాడి అదృష్టం అనుకుని పోతాడు. నడుమ ఆ పసుపు గడి ఉండేసరికి ఇదేమిటని దిగి అడిగేవారు. పేదరైతు మొదట్లో సిగ్గుపడుతూ చెప్పేవాడు. తర్వాత్తర్వాత వివరంగా చెప్పసాగాడు. ఒకటే విత్తనం, ఒకటే వాన, ఒకటే పొద్దు విత్తినాం, ఆ గడిలో మాత్రం మంద నిలవలేదు అనేవాడు. చివరికి సంతలో కూడా అదే మాట. కాలనీ గొర్రెల మంద గురించి మేం ఎవరికీ చెప్పుకోనక్కర్లేకపోయింది. నేను తప్పించిన గడే ఆ పని చేసిపెట్టింది.

చెనిక్కాయ పీకే కాలానికి పెద్దసారు అన్నంత పనీ చేశాడు. పొద్దున్నే జీపులో దిగాడు. నేను, పెద్దక్క, ఇంకో నలుగురు ఆడవాళ్ళం ఆయన్ని చేనికి తీసుకుపోయాం.  గట్టెక్కి చూస్తే, అప్పటికే ఆ పసుపు గడిలో ఎవరో గొంతుక్కూర్చుని ఉన్నారు. దగ్గరికి పోతే బావి రైతు. ఆ ఏడు బావినీళ్ళు అందని ఆయన మెట్టచేలో మూటలెరువు తడి చాలక మొక్కను మాడ్చేసిందని ఊరంతా తెలుసు. ఆయన ఎడమ చేతిలో ఆ గడిలోంచి పీకిన మొక్క ఉంది, దానికి మూడో నాలుగో కాయలు. కుడిచేతిలో అడుగు అవతల పీకిన మొక్క. దాని వేళ్ళ నిండా గుత్తులుగా కాయలు, మట్టితో సహా బరువుగా వేలాడుతున్నాయి.

పెద్దసారు వంగి ఆ రెండు మొక్కల కాయలూ లెక్కబెట్టాడు. 

బావి రైతు లేచి, పెద్దసారును గానీ నన్ను గానీ చూడకుండా పెద్దక్క వైపు తిరిగాడు. బందెలదొడ్డి దగ్గర ఏమే అన్న మనిషి, గొంతు సవరించుకుని, "ఏమమ్మా, మీ మంద మా చేన్లోకి ఎప్పుడొస్తాది?" అని అడిగాడు.

 ఆమె కొంగు నడుముకు ఇంకొకసారి బిగించుకుంది. 

"నీకు ముందర ఇద్దరుండారన్నా" అంది. "వాళ్ళవి అయినాంక వస్తాం."

ఆ అన్నా అన్న మాట అందరికీ వినబడింది. అప్పటిదాకా ఆ కాలనీవాళ్ళ నోట ఆయనకు సామీ తప్ప ఇంకో పిలుపు లేదు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.  చేతిలో మొక్కలవైపు చూసుకున్నాడు.

"సరే, గింజలెంత కావల్ల?" అన్నాడు.

"గింజలు అందరూ ఇచ్చేటివే నువ్వూ ఇయ్యి. దాంతో పాటు మా గొర్రెలు నీ బావి తొట్లో నీళ్ళు తాగల్ల. మంద నీ చేన్లో ఉన్నెన్నాళ్ళే కాదు, ఎండాకాలమంతా తాగల్ల. ఇంగొకటి, మా గొర్రె ఒకటి దారి తప్పి నీ చేన్లోకొస్తే మాకు కబురంపు. బందెలదొడ్డి మాటెత్తద్దు."

 ఆయన కాయల మొక్కను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. చివరికి, "తాగనీలే" అన్నాడు. ఆ మాటకు వెనకనున్న నలుగురు ఆడవాళ్ళూ ఒక్కసారి నవ్వారు. పెద్దసారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. జీపెక్కేముందు, "ఆ నియమం కాగితం నీ దగ్గరుందా?" అని నన్నడిగాడు. ఉందన్నాను. "దాని వెనకవైపు కొత్తది రాయి. ఆమె చెప్పినట్టు రాయి" అన్నాడు. ఆ కాగితం ఎనభైలలో ఎన్నో ఊళ్ళు తిరిగింది. ఎక్కడ గొర్రెలిచ్చినా మందగానే ఇచ్చాం. వాటిని చూసుకునే ఆడవాళ్ళు ఎండాకాలం వచ్చిందంటే చాలు, ఏ చేను ముందు ఏది వెనక అని దర్జాగా మాట్లాడుకునేవారు.

మరుసటి ఎండాకాలం బావి రైతు వంతు వచ్చింది. అప్పటికి పిల్లలతో కలిపి మంద డెబ్బై దాటింది. పొద్దు వాలేవేళ పన్నెండిళ్ళవాళ్ళూ, చంటిపిల్లల తల్లులతో సహా, మంద వెనక నడిచారు. చెవిమీద మచ్చున్న గొర్రె అన్నిటికంటే ముందుంది. దాని వెనకే దాని కవల పిల్లలు, అప్పటికి తల్లంత అయ్యాయి. చేని దారికి అడ్డంగా వేసిన ముళ్ళకంపను ఆయన మనిషి తీస్తాడనుకున్నాం. ఆ మనిషి ఆలస్యం చేశాడు. బావి రైతే వంగి, రెండు చేతులతో కంప పక్కకు లాగి దారిచ్చాడు. గొర్రెలు ఆయన్ను రాసుకుంటూ నేరుగా తొట్టి దగ్గరికి పోయి మూతులు పెట్టాయి. అన్ని గొర్రెలు ఒకేసారి నీళ్ళు తాగే చప్పుడు నేను అదే మొదటిసారి వినడం. పెద్దక్క గట్టుమీద నిలబడి, ఒక్కటి కూడా దప్పికతో మిగలకుండా అన్నీ తాగేదాకా చూసింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. నావి చెప్పనే అక్కర్లేదు.

నేను సంచిలోంచి కాగితం తీశాను. ఈసారి పెద్ద చేను, గడులు ఎక్కువ. రాత్రంతా కూర్చుని గీసుకొచ్చాను. మొదటి గడి చూపించడానికి ముందుకు నడిచాను.

పెద్దక్క కర్ర అడ్డం పెట్టి నన్ను ఆపింది. నా చేతిలో కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, తన నడుము కొంగులో దోపుకుంది.

"నీ పని అయిపోయింది పాపా" అంది నవ్వుతూ. "ఈతూరి గడి తప్పకూడదు. నువ్వు పోయి ఆ గట్టుమీద కూర్చో."

నేను వెళ్ళి గట్టుమీద కూర్చున్నాను.